అరువు ఆకలి

మూడు నెలల్లో హైమవతి నాలుగు కిలోలు పెరిగింది. వింతేమిటంటే, ఒళ్ళు తగ్గించే సూదిమందు వేయించుకుంటున్నది ఆమె కాదు, ఆమె అక్క సన్యాసమ్మ. అక్కకు మందు వేస్తుంటే చెల్లెలి జాకెట్లు బిగుసుకుపోవడం ఏమిటో హైమకు అంతుబట్టలేదు. ల్యాబ్‌లో ఎదురు బల్ల దగ్గర కూర్చునే ఇంజనీరు కరీముల్లాతో ఆ మాట అంటే, అతను చేతిలోని యంత్రపు బిళ్ళ మీంచి చూపు తిప్పకుండా, మధ్యాహ్నం రెండు భోజనాలు చేస్తే ఎవరైనా పెరుగుతారు మేడమ్ అన్నాడు. హైమకు ఒళ్ళు మండింది కానీ, రెండు భోజనాల మాట అబద్ధం కాదు కనక ఊరుకుంది.

ఆ ల్యాబ్ విశాఖపట్నంలో సముద్రం కనిపించే గుట్ట మీద ఉంది. పోషకాహార పరిశోధన అక్కడి పని. వారానికొకసారి పొడిపించుకునే ఆ సూదిమందు అప్పటికే ఇంటింటికీ వచ్చేసింది. కడుపు నిండిపోయిందని మెదడుకు నచ్చజెప్పి, ఆకలిని జోకొట్టి పడుకోబెడుతుంది. బరువు తగ్గుతుంది. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఆకలి లేని మనిషి తినడం మర్చిపోతాడు. కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది, జుట్టు దువ్వెనకు వస్తుంది, నాలుగు మెట్లెక్కితే తొడలు వణుకుతాయి. ఇంత పప్పు, ఇన్ని గుడ్లు, ఇన్ని గ్లాసుల నీళ్ళు అని హైమ పదిహేనేళ్ళుగా కాగితాలు రాసిస్తూనే ఉంది. జనం వాటిని ఫ్రిజ్ తలుపుకు అంటించి, ఆ తలుపు తెరవడం మానేస్తున్నారు.

అలాంటి కాగితం ఒకటి రాస్తుండగానే ఆమెకు ఆ ఆలోచన తట్టింది. ఆకలి లేకపోతే పక్కవాళ్ళ దగ్గర అరువు తెచ్చుకోవచ్చు కదా.

తట్టడానికి నిమిషం పట్టింది, చేతికి రావడానికి ఆరేళ్ళు పట్టింది. ఆకలేసే మనిషి పొట్టకు బెత్తెడు వెడల్పు పట్టీ ఒకటి చుడతారు. కడుపు నుంచి మెదడుకు పోయే నరం ఆకలి కబురు మోసుకెళ్తుంటే పట్టీ దాన్ని వింటుంది. సూదిమందు వేసుకున్న మనిషి చెవి వెనక రూపాయి బిళ్ళంత బిళ్ళ అంటించి ఉంటుంది. విన్న కబురు అక్కడికి చేరుతుంది. చేరగానే ఆ మనిషి పొట్ట కూడా నకనకలాడుతుంది. మొదట్లో ఎవరి ఆకలిని ఎవరికి పంపినా వాంతులయ్యేవి. ఏళ్ళ తరబడి ఒకే గిన్నెలోది తిన్నవాళ్ళ మధ్య అయితే సాఫీగా పనిచేసింది. అందుకే ఆ యంత్రానికి ‘పొత్తు’ అని పేరు పెట్టారు. ఒక కంచంలో కలిసి తినడాన్ని అలాగే కదా అంటారు.

పద్దెనిమిది జంటలతో పరీక్ష మొదలైంది. పదిహేడు జంటలు బయటివాళ్ళు. పద్దెనిమిదోది హైమా, సన్యాసమ్మా.

సన్యాసమ్మ గోపాలపట్నంలో అంగన్‌వాడీ టీచరు. యాభయ్యారేళ్ళు, నూట నాలుగు కిలోలు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఇరవై ఎనిమిదేళ్ళపాటు ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని తూకం వేసి, బతిమాలి, బెదిరించి, కథలు చెప్పి గుడ్డు తినిపించిన మనిషి ఇప్పుడు గోడ పట్టుకోకుండా గుమ్మం దాటలేక మెడికల్ లీవులో ఉంది. ఎముకల డాక్టరు ఆపరేషన్ చేస్తానన్నాడు కానీ రెండు షరతులు పెట్టాడు. బరువు ఎనభై అయిదుకు దిగాలి. తొడల్లో కండ మాత్రం తగ్గకూడదు. కండ లేకుండా కొత్త మోకాళ్ళు వేస్తే మంచం మీంచి లేవలేదని, అప్పుడు తనూ ఏమీ చేయలేనని తేల్చి చెప్పాడు. అక్క మళ్ళీ నడవడం, నడవకపోవడం పొత్తు మీద ఆధారపడింది. హైమకు అంత నమ్మకమూ ఉండేది, అంత భయమూ ఉండేది.

కాగితాల మీద అంతా సవ్యంగానే ఉంది. రోజూ పన్నెండింటికల్లా హైమ ఆకలి సన్యాసమ్మకు చేరుతున్నట్టు గీత కనిపించేది. ఒంటిగంటకు రోగుల ఫోన్లకు ‘తిన్నారా?’ అని ప్రశ్న వెళ్ళేది. పద్దెనిమిది మందీ రోజూ ‘తిన్నాను’ అని నొక్కేవాళ్ళు. అయినా మూడో నెల రక్తపరీక్షల్లో సన్యాసమ్మ ప్రొటీన్ పడిపోయింది. తొడ చుట్టుకొలత మూడు సెంటీమీటర్లు తగ్గింది. మిగతావాళ్ళలోనూ సగం మంది పైగా అదే తీరు. కరీముల్లా బిళ్ళలన్నీ విప్పి చూశాడు, తీగలు మార్చాడు, ఎక్కడా తప్పు దొరకలేదు.

ఇక రెండో భోజనం సంగతి. హైమ పన్నెండున్నరకు క్యాంటీన్‌లో తినేసేది. ఒంటిగంటన్నరకు గేటు దగ్గర్నుంచి ఫోన్ వచ్చేది, మీ అక్కగారు వచ్చారని. సన్యాసమ్మ స్టీలు క్యారేజీతో బస్సు దిగి, గుట్ట కింద ఆటో ఎక్కి, రెండో అంతస్తుకు మెట్టుమెట్టుకూ ఆగుతూ వచ్చేది. లిఫ్టంటే ఆమెకు భయం. ఉలవచారు, తోటకూర పులుసు, ఎండు నెత్తళ్ళ ఇగురు, ఏదో ఒకటి. ఎదురుగా కూర్చుని ఆఖరి మెతుకు దాకా తినిపించి గానీ కదిలేది కాదు. లీవులో పొద్దుపోక వస్తోందనుకుంది హైమ. తినేశానని చెప్పడానికి మనసొప్పేది కాదు, ఆ మెట్లెక్కి వచ్చిన మొహం చూశాక ఎవరికైనా ఒప్పదు.

ఒక ఆదివారం హైమ అక్కగారింటికి బయల్దేరింది. పొద్దున టిఫిన్ చేయలేదేమో, గోపాలపట్నంలో బస్సు దిగేసరికే ఆకలిగా ఉంది. గుమ్మంలో బావ తవిటినాయుడు పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఆయన రైల్వేలో రిటైరయ్యాడు, మాట మెత్తన. కుశలమడగకుండానే లోపలికి చెయ్యి చూపించి, నీ కంచం పెట్టేసింది, వెళ్ళమ్మా అన్నాడు. నిజంగానే వంటింట్లో కంచం పీట ముందు ఉంది. అన్నం పొగలు కక్కుతోంది.

తను వస్తున్నట్టు హైమ ఎవరికీ చెప్పలేదు. ఎలా తెలిసిందని అడిగితే సన్యాసమ్మ నవ్వి చెవి వెనక బిళ్ళ మీద వేలు పెట్టుకుంది. పావుగంట నుంచి నీకు కడుపు కాలిపోతోంది కదే, ఆదివారం పూట తినకుండా ఉన్నావంటే ఇటే వస్తున్నట్టు, పప్పు మూడు కూతలకే దించేసేను, కూర్చో అంది.

హైమ కూర్చుంది. ఒక ముద్ద కలిపి, నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది. ఎదురుగా అక్క ఉంది, అక్క ముందు కంచం లేదు.

“మరి నువ్వో?”

“నేను తినీసేను.”

ఏటి తినీసిందో అడగమ్మా అని గుమ్మంలోంచి తవిటినాయుడు అందుకున్నాడు. పొద్దుట్నుంచి రెండు బిస్కెట్లట. రోజూ ఇదే వరసట. పదకొండున్నర అయ్యేసరికి చెల్లికి ఆకలేస్తోందని లేవడం, కాలు ఈడ్చుకుంటూ వండటం, పన్నెండున్నరకు ఆ ఆకలి ఆగిపోయినా క్యాంటీన్ కూడు తిండి కాదంటూ క్యారేజీ కట్టడం. నువ్వు తినవే అంటే వినదట.

హైమ చెయ్యి వెనక్కి తీసుకుంది. ముద్ద కంచంలో పెట్టేసింది. అక్కా, నీకు ఆకలెయ్యాలనే కదా నేను పంపుతున్నాను, ఆకలేస్తే తినక ఇదేం పని అని అడిగింది. సన్యాసమ్మకు ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో కూడా అర్థం కాలేదు.

“వేస్తోందే. కానీ అది నీ ఆకలి కదా. నీ ఆకలికి నేను తినీస్తే ఎలగ?”

సోమవారం హైమ తక్కిన పదిహేడు ఇళ్ళకూ స్వయంగా ఫోన్లు చేసింది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది కానీ విషయం బయటపడింది. సూదిమందు వేసుకున్న ఆడవాళ్ళు అక్కతో కలిపి పదకొండు మంది. పదకొండు మందీ అదే చేశారు. మొగుడి ఆకలి తెలిసిన ఇల్లాలు దోసెలు పోసింది, కూతురి ఆకలి తెలిసిన తల్లి కాలేజీ గేటు దగ్గరికి పులిహోర పట్టుకెళ్ళింది, అత్తగారి ఆకలి తెలిసిన కోడలు అన్నం వడ్డించి తను టీ తాగి సరిపెట్టుకుంది. ఆ పదకొండు ఇళ్ళలో ఆకలి అరువిచ్చిన వాళ్ళంతా ఒళ్ళు చేశారు. మందు వేసుకున్న మగవాళ్ళు ఏడుగురు. వాళ్ళలో అయిదుగురు భార్యల ఆకలి తెలియగానే నిక్షేపంగా తామే తిన్నారు. ఇద్దరు మాత్రం భార్యల్ని హోటలుకు తీసుకెళ్ళారు. కరీముల్లా ఆ లెక్క చూసి కాగితం బల్ల మీద బోర్లించాడు. తర్వాత ఇంటికి ఫోన్ చేసి, భార్యను తిన్నావా అని అడిగాడు.

హైమకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. తిన్నారా అంటే తిన్నాను అనడం మనవాళ్ళలో నమస్కారానికి ప్రతి నమస్కారం లాంటిది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఆ జవాబు వింటూ, తనూ చెబుతూ, దాన్ని పరిశోధనలో సాక్ష్యంగా రాసుకుంది. ఇంకో దేశపు శాస్త్రవేత్త చేస్తే క్షమించొచ్చు, గోపాలపట్నం అక్క ఉన్న తను ఎలా చేసింది?

అక్కను కూర్చోబెట్టి గట్టిగా చెప్పింది, ఇక నుంచి ఆకలేస్తే నువ్వే తినాలని. సన్యాసమ్మ సరేనంది, ప్రయత్నించింది కూడా. మొదటి ముద్దకే నీ కంచంలో చెయ్యి పెట్టినట్టుందే అని ఆపేసింది. హైమ తన పట్టీ తీసేసి తినమంటే అసలే లేదు. నోట్లో గుడ్డు సుద్దముక్కలా తిరుగుతుంది, మింగితే తిరిగొస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళు ఎన్ని వందల మంది చేత తినిపించేను, నాకు నేను తినిపించుకోలేకపోతున్నాను అని ఆమె చిన్నబోయి కూర్చుంటే హైమకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఆ గురువారమే సన్యాసమ్మ పడిపోయింది. క్యారేజీ తేవద్దని ఎంత చెప్పినా తెచ్చింది. మెట్ల మీద తొడలు వణికి, మోకాలు మడతపడి, ఆరు మెట్లు జారింది. చప్పుడు విని హైమ పరుగెత్తేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మోచెయ్యి గీరుకుపోయింది. పక్కన పులుసు చిన్న మడుగు కట్టింది. పులుసు పోయిందే, పెరుగన్నం మాత్రం బాగానే ఉంది అంది. హైమ ఆ మెట్ల మీదే కూలబడి అక్కను నానా తిట్లూ తిట్టింది, తిడుతూనే ఏడ్చింది. చుట్టూ చేరిన ఆఫీసువాళ్ళు ఎవరి గదుల్లోకి వాళ్ళు మెల్లగా వెళ్ళిపోయారు.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, విరగలేదు కనక సరిపోయిందన్నాడు. ఆరు వారాలు గడువిచ్చాడు. ఈలోపు కండ నిలబడకపోతే సూదిమందు ఆపేస్తాను, ఆపరేషన్ మాట మర్చిపోండి, చక్రాల కుర్చీ కొనుక్కోండి అన్నాడు. సన్యాసమ్మ బయటికొస్తూ, అంగన్‌వాడీ గుమ్మం ఇరుకు, కుర్చీ పట్టదు అంది. 

రెండు రోజులు హైమ పాత గీతలన్నీ తిరగేస్తూ కూర్చుంది. మూడో రోజు కరీముల్లా బల్ల దగ్గరికి వెళ్ళి, పొత్తును తిరగేయగలవా అని అడిగింది. పట్టీ అక్కకు, బిళ్ళ తనకు. అక్క నరంలో ఆకలి పలుచగా ఉన్నా ఉంటుంది, మందు దాన్ని పడుకోబెట్టింది గానీ చంపలేదు. మెట్ల మీద పడ్డాక అక్క జబ్బకు అంటించిన, రక్తం చూసే బిళ్ళ ఎలాగూ ఉంది. ఒంట్లో ప్రొటీనో నీళ్ళో తగ్గినప్పుడల్లా ఆ పలుచని ఆకలిని గట్టిచేసి తనకు పంపాలి.

కరీముల్లాకు చప్పున అర్థమైంది, అర్థమయ్యాక నచ్చలేదు. మీరెంత తిన్నా అది తీరదు కదా మేడమ్ అన్నాడు.

“తీరదు. అక్క తింటేనే తీరుతుంది.”

ఎథిక్స్ కమిటీ పది రోజులు నానబెట్టి, చివరికి ఒక్క జంటకు ఒప్పుకుంది. ఆపే మీట హైమ దగ్గర కాకుండా కరీముల్లా దగ్గర ఉండాలని రాసింది. సొంత అక్క విషయంలో ఈవిడ ఆపదని వాళ్ళకు ముందే తెలిసిపోయినట్టుంది.

మొదటి రోజు పొద్దున పదింటికి బిళ్ళ అంటించారు. అరగంట దాకా ఏమీ లేదు. తర్వాత మెల్లగా వచ్చింది. హైమకు తెలిసిన ఆకలి పొట్ట నడిమధ్య మొదలై గోల పెట్టేది, చిరాకు తెప్పించేది. ఇది అలా కాదు. ఎక్కడో వెన్నుకు దగ్గరగా, చప్పుడు చేయకుండా, ఓపిగ్గా కూర్చుని ఉంది. అడగడం అలవాటు లేని ఆకలి అది. హైమ రెండు ఇడ్లీలు తింది, ఇంకో రెండు తింది, అరటిపండు తింది. పొట్ట బరువెక్కింది కానీ ఆకలి ఉన్నచోటు నుంచి కదల్లేదు. నుదుట చెమట పట్టింది. ఫోన్ తీసి అక్కకు చేసింది.

ఆకలేస్తోందక్కా అంటే తినవే అంది సన్యాసమ్మ. తిన్నాను, తీరడం లేదు, ఇది నాది కాదు నీది, నువ్వు తింటే గానీ పోదు అని హైమ చెప్పింది. అవతల పీట జరిగింది. తర్వాత బావను కేకేయడం, గిన్నెల చప్పుడు, ఉడికించిన గుడ్డు పెంకు ఒలిచే చప్పుడు వినిపించాయి. ఫోన్ పక్కన పెట్టుకునే ఆమె తింది. మధ్యలో ఒకసారి వికారంతో ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టింది. ఇక్కడ హైమ వెన్ను దగ్గర పట్టు వదలడం తెలుస్తోంది, ఒక్కొక్క ముద్దకూ కొంచెం కొంచెంగా. తగ్గిందేటి అని సన్యాసమ్మ అడిగింది. సగం తగ్గిందని హైమ అంటే, ఉండు ఇంకోటి తింటాను అంది, చంటిపిల్ల ఏడుపు మాన్పిస్తున్న గొంతుతో.

ఆ రోజు ఫోన్ పెట్టేశాక హైమ కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు సముద్రం చూసింది. ఆ ఆకలిని తను అంతకుముందు ఎరుగును. మోయలేదు గానీ, పక్కన కూర్చుంది. నాన్న పనిచేసే జూట్ మిల్లు మూతపడిన ఏడాది తనకు ఆరేళ్ళు, అక్కకు పద్నాలుగు. అమ్మా నాన్నా కూలికి పోతే అక్క రాగిపిండితో చోడి అంబలి కాచేది. అడుగున చిక్కగా ఉండేదంతా తన గిన్నెలో వంచి, పక్కన కూర్చుని తల దువ్వేది. నువ్వో అంటే, నువ్వు లేవకముందే తినీసేను అనేది. తను నమ్మేది. నమ్మి, గిన్నె నాకి, ఆడుకోవడానికి పోయేది. ఏడాదంతా అక్క వెన్నును అంటిపెట్టుకుని కూర్చున్నది ఇదే. ఈ వయసులో, పదేళ్ళ చదువూ ఆరేళ్ళ పరిశోధనా ఖర్చుపెట్టాక, అక్క ఏం తిన్నదో హైమకు తెలిసింది.

ఆ తర్వాత పనులు చకచకా నడిచాయి. తన కోసం తినమంటే ముద్ద దిగని సన్యాసమ్మ, చెల్లి ఆకలి తీర్చమంటే యంత్రంలా తినడం నేర్చుకుంది. హైమకు పదింటికి మీటింగ్ ఉందంటే తొమ్మిదిన్నరకే గుడ్లు, పెసరట్టు ముగించేది. ప్రయాణంలో ఉందంటే పక్కన సత్తుపిండి డబ్బా పెట్టుకునేది. ఏం చేసినా దానికి కడుపు నిండాలి అని తవిటినాయుడి మీద కేకలేసేది. ఆయన గుడ్లు ఒలిచి ఒలిచి వేళ్ళు నానిపోయాయని మరదలికి ఫోన్లో చాడీలు చెప్పేవాడు, ఆ గొంతులో సంతోషం దాగేది కాదు.

ఈ వైపు మాత్రం అంత సుఖంగా లేదు. హైమ పెరిగిన నాలుగు కిలోలూ పోయాయి, ఆ పైన ఇంకో ఆరు పోయాయి. అక్క ఆకలి మధ్య సొంత ఆకలి ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలిసేది కాదు. రుచి పోయింది. చిన్నదానికి కసురుకునేది. నాలుగో వారంలో సన్యాసమ్మకు జ్వరం తగిలి రెండు రోజులు ఏమీ దిగలేదు. హైమ బల్ల అంచు పట్టుకుని, పెదవి కొరుక్కుని కూర్చుంటే కరీముల్లా మీట మీద వేలు పెట్టాడు. ఆపొద్దని ఆమె అంది. ఇది మీ ఒంటికి మంచిది కాదు, మీ అక్కగారికి తెలిస్తే నన్ను బతకనివ్వరు అన్నాడు. చివరికి అతనే సన్యాసమ్మకు ఫోన్ చేసి, మీ చెల్లెలు నిన్నటి నుంచి మాడిపోతోందమ్మా అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. జ్వరంతోనే లేచి ఆమె గ్లాసుడు అంబలి తాగింది. గుటకగుటకకూ హైమ భుజాలు దిగాయి. ఆ నిమిషంలో అక్కంటే ఎంత ప్రేమ కలిగిందో అంత కోపమూ వచ్చింది.

ఆరో వారం తొడ కొలిచారు. పోయిన మూడు సెంటీమీటర్లలో రెండు తిరిగొచ్చాయి. బరువు ఎనభై ఆరు. ఒక కిలోకు ఎముకల డాక్టరు పేచీ పెట్టలేదు. సూదిమందు ఆపించి, మూడు వారాల తర్వాత ఆపరేషన్‌కు రోజు పెట్టాడు.

ఆ రోజు పొద్దుట్నుంచి సన్యాసమ్మ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. అంటే ఆ ఆకలిని తీర్చే దారి ఆ పూటకు లేదు. బిళ్ళ తీసేద్దామని కరీముల్లా అన్నాడు. ఒక్క పూటే కదా అని హైమ ఒప్పుకోలేదు. నడుములో ఇబ్బంది ఉంది కనక అక్కకు పూర్తి మత్తు ఇస్తున్నారు. ఆపరేషన్ మోకాళ్ళకే కనక పొట్ట మీది పట్టీ ఉంచనిచ్చారు. అక్క తినని పూట తనకెలా దిగుతుందని హైమ కూడా ఏమీ తినలేదు. వార్డులోంచి తీసుకెళ్తుంటే సన్యాసమ్మ స్ట్రెచర్ మీంచి తల తిప్పి, నీకు ఆకలిగా ఉంటాది కదే, ఎలగ మరి అంది. తన మోకాళ్ళ గురించి ఒక్క మాట అడగలేదు.

హైమా, తవిటినాయుడూ థియేటరు బయట బెంచీ మీద కూర్చున్నారు. వెన్ను దగ్గర ఆకలి తన చోట తను ఉంది. ఇన్ని వారాల అలవాటులో హైమకు అది ఇంటి మనిషిలా అయిపోయింది. పదిన్నరకు ఉన్నట్టుండి అది ఆగిపోయింది.

తగ్గడం వేరు. ఇది దీపం ఆర్పినట్టు పోయింది. మత్తు నరాన్ని నిద్రపుచ్చుతుంది, పట్టీకి వినడానికి ఏమీ ఉండదు, అంతే. అది హైమకు తెలుసు, తెలిసిన శాస్త్రమంతా వరసగా మనసులో చెప్పుకుంది. అయినా నమ్మకం చిక్కలేదు. ఇన్నాళ్ళూ ఎప్పుడు వదులుతుందా అని ఎదురుచూసిన ఆకలి కోసం, ఇప్పుడు పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని వెతుక్కుంది. లోపల తన సొంత ఆకలి ఒకటి గోల పెడుతోంది, అది ఆమెకు అక్కర్లేదు. పదకొండు, పన్నెండు, పన్నెండున్నర. తవిటినాయుడు ఏమైందమ్మా అని అడిగితే ఏమీ లేదు బావా అంది. నిజంగానే ఏమీ లేదు, అదే భయం. రా అక్కా, ఎంత ఆకలైనా సరే, రోజంతా ఉండు, రా అని లోపల బతిమాలుకుంది.

ఒంటిగంట దాటాక వెన్ను దగ్గర ఏదో కదిలింది.  పలుచగా వచ్చి, కాసేపు తారట్లాడి, నెమ్మదిగా తన పాతచోట కూర్చుంది.

“అక్క లేచింది బావా.”

ఆయన థియేటరు తలుపు వైపు చూశాడు. అది మూసే ఉంది. ఆయన మొహం తువ్వాలుతో తుడుచుకున్నాడు. మరి పది నిమిషాలకు నర్సు బయటికొచ్చి, బాగా జరిగింది, స్పృహ వచ్చింది అని చెప్పింది.

సాయంత్రం నాలుగింటికి పలుచని జావ ఏదైనా పట్టొచ్చన్నారు. తవిటినాయుడు ఇంట్లో కాచిన చోడి అంబలి ఫ్లాస్కులో తెచ్చాడు. సన్యాసమ్మ కళ్ళు సగం మూసుకుని ఉంది. రెండు కాళ్ళూ కట్లతో మొద్దుల్లా ఉన్నాయి. అయిదు వారాల్లో కర్ర లేకుండా నడిపిస్తామని డాక్టరు చెప్పి వెళ్ళిన సంగతి హైమ ఆమె చెవిలో చెప్పింది. ఆమె విన్నదో లేదో. పెదాలు తడుపుకుని చెల్లెలి కోసం చెయ్యి తడిమింది.

“ఆకలేస్తోందే.”

మగతలో తన గురించే అడుగుతోందనుకుని, నాకేం ఫర్వాలేదక్కా అంది హైమ. సన్యాసమ్మ తల అడ్డంగా ఊపింది.

“నీకు కాదే. నాకు.”

హైమ ఆ చెయ్యి పట్టుకుంది. మందు ఆపి మూడు వారాలైంది కనక అక్క ఆకలి అక్కకు తిరిగొచ్చిందని అర్థమవుతూనే ఉంది. కానీ పుట్టినప్పట్నుంచీ అక్క నోట ఆ మాట ఆమె వినలేదు. మిల్లు మూసిన ఏడాదిలో వినలేదు, ఆ తర్వాతా వినలేదు. బావ కూడా వినలేదేమో, చేతిలో ఫ్లాస్కు మూత తిప్పడం ఆపేశాడు.

హైమ చెవి వెనక బిళ్ళను నెమ్మదిగా ఊడదీసి బల్ల మీద పెట్టింది. ఇక దానితో పని లేదు. మంచం తల వైపు ఎత్తించి, గ్లాసులో అంబలి పోసి, చెంచాతో కలిపింది. అడుగున ఉన్న చిక్కదనం పైకి వచ్చేలా కలిపింది. మొదటి చెంచా దగ్గరికి తీసుకెళ్ళేసరికి సన్యాసమ్మ పెదాలు బిగించి, సగం మూసిన కళ్ళతోనే ఆమె మొహంలోకి చూసింది.

“నువ్వు తిన్నావా?”

హైమ పొద్దుట్నుంచి పచ్చి గంగ ముట్టలేదు. కడుపులో ఆమె సొంత ఆకలి నకనకలాడుతోంది.

“తినీసేను” అంది.

సన్యాసమ్మ నమ్మింది. నమ్మి, నోరు తెరిచింది.